గోదావరి డెల్టాలో లేసు అల్లిక: ఇంటిపని చాటున పెరిగిన ఎగుమతి పరిశ్రమ

పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలోనూ, వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున కోనసీమలోని రాజోలు, అమలాపురం ప్రాంతాలలోనూ స్త్రీలు ఇంటి పట్టున కూర్చుని నూలుదారంతో అల్లే వస్తువులను వ్యాపారులు నరసాపురం లేసు అంటారు. కొన కొక్కెంలా వంగిన సన్నని ఉక్కు సూదితో చేసే ఈ అల్లికకు క్రోషే అని పేరు. కంచాల కింద, కూజాల కింద పరిచే గుండ్రని డాయిలీలు మొదలుకొని దిండు గలీబులు, బల్ల గుడ్డలు, మంచం నిండా పరిచే దుప్పట్ల వరకు దాదాపు నూటయాభై ఏళ్ళుగా ఈ ఊళ్ళ నుంచి పరదేశాలకు పోతూనే ఉన్నాయి. ఈ పరిశ్రమ చరిత్రను క్రైస్తవ మిషనరీల సేవగా చెప్పేవారు కొందరు, డెల్టా స్త్రీల చేతి నేర్పుగా చెప్పేవారు మరికొందరు. రెండింటిలోనూ నిజం ఉన్నా, అసలు విషయం ఈ పనికి ఇంటిలో దొరికిన చోటుకు సంబంధించినది. వంటకూ పిల్లల పెంపకానికీ మధ్య మిగిలిన సమయంలో చేసే పనిగా దీనికి ముద్ర పడింది, ఆ ముద్రే దీని కూలిని నిర్ణయించింది, చాలాకాలం పాటు ఈ పనివారిని ప్రభుత్వ లెక్కల్లో కనబడకుండా చేసింది కూడా అదే.

ఈ డెల్టాలో ఊలు అల్లిక కాక క్రోషే ఎందుకు నిలిచిందో అర్థం కావాలంటే పని తీరును దగ్గరగా చూడాలి. ఊలు అల్లికలో రెండు పొడుగు సూదులు ఉంటాయి, వరసలోని కుట్లన్నీ ఒకేసారి సూది మీదే నిలిచి ఉంటాయి, సూది జారితే వరసంతా విడిపోతుంది. పైగా తీరప్రాంతపు ఉక్కపోతలో ఊలు స్వెట్టరు అవసరం ఎవరికీ ఉండదు. క్రోషేలో అలా కాదు, ఏ క్షణంలో చూసినా సూది మీద తెరిచి ఉండేది ఒక్క ముడి మాత్రమే. ఆ ముడిలోంచి దారాన్ని లాగి మరో ముడి, దానిలోంచి ఇంకో ముడి వేస్తూ పోతే గొలుసు తయారవుతుంది, దానినే పనివారు చైను అంటారు. చైను రెండు కొనలను కలిపి చుట్టుగా చేసి, దాని చుట్టూ దారాన్ని సూదికి ఒకసారో రెండుసార్లో చుట్టి లాగే పొడుగు కుట్లతో వలయం మీద వలయం వేసుకుంటూ పోతే అరచేయంత పువ్వు వస్తుంది. పొయ్యి మీద అన్నం పొంగినా, ఉయ్యాలలో బిడ్డ ఏడ్చినా, వాకిట్లో ఎవరైనా పిలిచినా, ఆ ఒక్క ముడిని కాస్త పొడుగ్గా లాగి సూది తీసి పక్కన పెడితే చాలు, అల్లినదేదీ చెడదు. తిరిగి వచ్చి ఆగిన చోటునే అందుకోవచ్చు. మగ్గానికి గుంట కావాలి, గది కావాలి. దిండు మీద వెదురు కండెలతో అల్లే లేసుకు పరికరాలు కావాలి. క్రోషేకు ఒడి చాలు. ఇంటిపనికి ఇంతగా ఒదిగిన పనిముట్టు మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు, ఆ ఒదుగుదలే తరువాతి కాలంలో దానికి చేటు తెచ్చింది.

లేసు రాకముందు కూడా ఈ తీరం బట్ట ఎగుమతికి పేరుపొందినదే. డచ్చివారు పాలకొల్లులోనూ, ఆంగ్ల ఈస్టిండియా కంపెనీవారు నరసాపురం పక్కనే ఉన్న మాధవాయిపాలెంలోనూ 17వ శతాబ్దంలో వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. ఇక్కడి మెత్తని నూలుగుడ్డకు మాధవాయిపాలెం పేరే ఐరోపా అంగళ్ళలో మడపోలం అని స్థిరపడింది. 19వ శతాబ్దం తొలి దశకాల్లో లాంకషైర్ మిల్లు గుడ్డ ధాటికి ఈ నేతపని కుంగిపోయింది, 1833 చట్టంతో కంపెనీ వర్తకమే ముగిసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1832-33లో, డొక్కల కరువుగా జనం చెప్పుకున్న మహాక్షామం కోస్తాను ఊడ్చివేసింది. రాజమండ్రి జిల్లా దుస్థితిపై విచారణ జరిపి సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1821లో దాదాపు 7 లక్షల 38 వేలున్న జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. చేతిలో నేర్పు ఉండి మగ్గం మూలపడిన ఊళ్ళు, కూలి దొరకక చెదిరిపోతున్న కుటుంబాలు, రేవు అలవాటున్న వర్తకులు: లేసు వచ్చేనాటికి ఇక్కడ ఉన్నవి ఇవి.

మిషనరీలు వచ్చింది కూడా ఈ సంధికాలంలోనే. విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఆంగ్లేయులు తమ భార్యలతో కలిసి 1836లో డెవన్ ప్రాంతం నుంచి బయలుదేరి వచ్చి, తరువాత గోదావరి డెల్టా మిషన్ అని పేరుపడిన సంస్థకు నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పునాది వేశారు. లేసు అల్లిక విషయంలో మాత్రం ఎక్కువగా ప్రచారంలో ఉన్న కథనం మరొక దంపతులను పేర్కొంటుంది. మెక్రే అనే మిషనరీ, ఆయన భార్య 1844లో దుమ్ముగూడెంలో స్థానిక స్త్రీలకు ఈ పని నేర్పారనీ, అక్కడి నుంచి అది డెల్టాకు దిగివచ్చిందనీ ఆ కథనం సారాంశం. ఈ తేదీని కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డునున్న దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం వెలసింది 1860ల తొలినాళ్ళలో, అదీ ఎగువ గోదావరిలో పడవల రాకపోకల కోసం ఇంజనీర్లు పనులు మొదలుపెట్టిన తరువాత. దుమ్ముగూడెం లేసు పాఠశాలకు పేరు వచ్చింది ఆ తరువాతే. మెక్రే దంపతుల కథ పూర్తిగా కల్పితం కాకపోవచ్చు గాని, ఒక్క ఊరు, ఒక్క సంవత్సరం, ఒక్క దొరసాని అని గీత గీసి చెప్పడం కంటే, నదీతీరం పొడవునా వేర్వేరు మిషన్ కేంద్రాల్లో మూడు నాలుగు దశాబ్దాలలో ఈ పని వేళ్ళూనిందనుకోవడమే సబబు.

అలా అనుకోవడానికి బయటి ఆధారాలూ ఉన్నాయి. దక్షిణ తిరువితాంకూరులోని నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ అనే మిషనరీ భార్య 1820 ప్రాంతంలోనే దిండు లేసు నేర్పడం మొదలుపెట్టింది. ఆమె కుమార్తె ఎలైజా 1844లో రాబర్ట్ కాల్డ్‌వెల్‌ను, అంటే ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణకర్తగా తెలుగువారికీ పరిచితుడైన ఆ పండితుణ్ణే, వివాహమాడి తిరునల్వేలి జిల్లా ఇడయన్‌గుడిలో అదే విద్యను కొనసాగించింది. సముద్రాల ఆవల ఐర్లండులో 1845 నుంచి బంగాళాదుంప పంట నాశనమై కరువు విజృంభించినప్పుడు, కార్క్ పట్టణపు కన్యాస్త్రీలు, 1847లో క్లోన్స్ అనే ఊళ్ళో కాసాండ్రా హాండ్ అనే మతాధికారి భార్య ఆకలిగొన్న స్త్రీలకు క్రోషే నేర్పించి, ఆ సరుకును ఇంగ్లండు సంపన్నులకు అమ్మించారు. కరువు పడిన చోట సూదీ దారం ఇచ్చి, తయారైనదాన్ని స్వదేశంలోని దాతలకు పంపి, వచ్చిన డబ్బుతో బడినీ కుటుంబాన్నీ నిలబెట్టడం ఆ కాలపు మిషన్ స్త్రీలందరికీ తెలిసిన పద్ధతి. గోదావరి జిల్లాలోనూ మొదట నేర్చుకున్నవారు కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న పేద కులాల స్త్రీలే. వారు అల్లిన లేసు మొదట్లో బ్రిటన్‌లోని మిషన్ మిత్రులకు కానుకగా వెళ్ళేది, బదులుగా విరాళం వచ్చేది. ధర అనే మాటకు అక్కడ తావు లేదు. ఈ సంగతి చిన్నదిగా కనిపించినా గుర్తుంచుకోదగినది, ఎందుకంటే తొలినాళ్ళలో లేసుకు ముట్టిన ప్రతిఫలం జీతంగా కాక దయగా లెక్కకు వచ్చింది.

ఈ పని క్రైస్తవ పేటలు దాటి రైతుల ఇళ్ళలోకి ప్రవేశించడానికి కారణాన్ని ధవళేశ్వరం దగ్గర వెతకాలి. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట డెల్టాను వరి మాగాణిగా మార్చింది. కాలువల కింద భూమి ఉన్న కుటుంబాలు చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే పరువు కొలమానాలనూ మార్చుకున్నాయి. వాటిలో ముఖ్యమైనది, ఇంటి ఆడవారు పొలంలోకి దిగకుండా ఉండటం. నరసాపురం పరిసరాల కాపు కుటుంబాలలో ఇది ఘోషా రూపం దాల్చింది, అంటే స్త్రీలు పరపురుషుల కంటబడకుండా ఇంటి నాలుగు గోడల మధ్యే మసలే ఆచారం. కలిగిన ఇంటికి అది హోదా, కలిమి తరిగిన ఇంటికి అది సంకెల. పంట ధరలు పడిపోయినా, భూమి పంపకాలతో చిన్నదైపోయినా, ఘోషా ఇల్లాలు నాట్లకు పోలేదు, కూలికి పోలేదు. ఇంట్లో కూర్చుని నలుగురికీ తెలియకుండా నాలుగు డబ్బులు సంపాదించే దారి ఆ ఇళ్ళకు లేసు ఒక్కటే చూపింది. 1929లో ప్రపంచ ఆర్థిక మాంద్యం మొదలై ధాన్యం ధరలు కుప్పకూలిన తరువాత ఈ అవసరం మరింత పెరిగింది. మాలమాదిగ పేటలలోనూ, బెస్తపాలెంలలోనూ మొదలైన పని ఆ విధంగా కాపుల ఇళ్ళకు చేరి, క్రమంగా వారి పేరే దానికి ఎక్కువగా అంటుకుంది.

సుమారు 1900 నుంచి లేసు మిషన్ చేతిలోంచి వర్తకుల చేతికి మారింది, మారుతూ మారుతూ ఒక నిర్దిష్టమైన అంచెల వ్యవస్థగా గట్టిపడింది. పైన ఎగుమతిదారు, ఆయనకు పరదేశపు ఆర్డరు వస్తుంది. ఆయన కింద ఏజెంట్లు, వీరు దారం పట్టుకుని ఊరూరా తిరిగి పని పంచుతారు, పూర్తయినది పోగుచేసి తెస్తారు. అల్లేవారు అట్టడుగున. వారి పని కూడా ముక్కలుగా విడిపోయింది. పువ్వు, ఆకు, వలయం వంటి విడి భాగాలను అల్లడం చేతిపని. ఆ భాగాలను నమూనా ప్రకారం ఒకదానితో ఒకటి కలపడం అతుకుపని. ఆఖరి కుట్టు కాజాకుట్టు. ఒక బల్ల గుడ్డ పూర్తి కావడానికి మూడు నాలుగు ఊళ్ళ చేతులు పడవచ్చు, వారిలో ఎవ్వరూ పూర్తయిన గుడ్డను పరిచి చూసి ఉండకపోవచ్చు. దానిని ఎక్కడ ఎంతకు అమ్మారన్నది ఎలాగూ తెలియదు. కూలి దారపు కట్ట లెక్కన ముట్టేది, అంటే ఎన్ని గంటలు కూర్చున్నారన్నది కాక ఎంత దారం అల్లికలో ఖర్చయిందన్నదే కొలత. దారాన్ని వ్యాపారే ఇస్తాడు కాబట్టి సరుకు మీద అల్లినవారికి హక్కు లేదు, మరో ఏజెంటుకు అమ్ముకునే వీలూ లేదు. తొలి తరంలో పని పంచి పోగుచేసిన వారిలో స్త్రీలు ఉండేవారు, వ్యాపారం లాభసాటి అయ్యేకొద్దీ ఆ స్థానాలు పురుషుల పరమయ్యాయి. ఘోషా వల్ల బజారుకు వెళ్ళలేని స్త్రీకి బజారుతో ఉన్న ఏకైక సంబంధం గుమ్మం ముందు నిలబడే ఏజెంటు, బేరం ఆడటానికి అంతకంటే బలహీనమైన చోటు ఉండదు.

ఇంటిలో ఈ పని ఎలా సాగిందో చూస్తే దాని బరువు తెలుస్తుంది. తెల్లవారుఝామున పాచిపని, నీళ్ళు, వంట, పిల్లలకు చద్ది, గొడ్డూగోదా ఉంటే వాటి పని ముగిసేసరికి పొద్దెక్కుతుంది, అప్పుడొక గంట సూది పట్టడం; మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీదనో పంచలోనో ఇరుగుపొరుగు స్త్రీలు చేరి మూడు నాలుగు గంటలు; రాత్రి అందరూ తిన్న తరువాత దీపం ముందు మళ్ళీ కాసేపు. తెల్లదారానికి మరక అంటితే సరుకు ధర తెగుతుంది కనుక మసిచేతులను బాగా కడిగి, ఎండాకాలంలో చెమట పట్టిన వేళ్ళను మాటిమాటికీ కొంగుకు తుడుచుకుంటూ అల్లాలి. దారం బిగువు చెడకుండా ఎడమచేతి చూపుడువేలికి చుట్టి పట్టుకోవడంతో ఆ వేలి మీద గాడి పడుతుంది. మెడ నొప్పి, నడుము నొప్పి, చూపు మందగించడం ఈ పనిలో ముదిరిన వారందరూ చెప్పే బాధలు. ఆడపిల్ల ఆరేడేళ్ళకే తల్లి పక్కన కూర్చుని చైను వేయడం నేర్చేది, పదేళ్ళు నిండేసరికి తల్లి లెక్కలోకి తన ముక్కలనూ కలిపేది. ఏజెంటు లెక్కపెట్టేది ముక్కలనే, వాటి వెనుక ఎన్ని చేతులున్నాయో అడగడు. ఇలా రోజు మొత్తంలో చెల్లాచెదరుగా పోగయిన సమయం ఆరు నుంచి ఎనిమిది గంటలవుతుంది, అయినా ఇంట్లో ఎవరిని అడిగినా, అల్లే మనిషిని అడిగినా సరే, ఖాళీగా ఉండలేక చేసుకుంటున్న పని అనే సమాధానం వస్తుంది.

ఈ సమాధానాన్ని తీవ్రంగా పట్టించుకున్న పండితురాలు మరియా మీస్. 1960లలో పూణేలో జర్మన్ భాష బోధించి, భారతీయ కుటుంబ వ్యవస్థపై పరిశోధన చేసిన ఈ జర్మన్ సామాజికశాస్త్రవేత్త 1970ల చివరలో అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం నరసాపురం ప్రాంతపు లేసు స్త్రీలను అధ్యయనం చేసింది. ఆ అధ్యయనం 1982లో లండన్‌లో పుస్తకంగా అచ్చయింది. అధ్యయనం జరిగిన నాటికి ఈ పనిలో ఉన్న స్త్రీలు లక్ష మంది వరకు ఉంటారని అంచనా. వారికి రోజుకు సగటున ముట్టేది అర్ధరూపాయికి కాస్త ఎక్కువ, వ్యవసాయ కూలీ స్త్రీలకు ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంలో అది మూడో వంతు కూడా కాదు. పొలంలో నాట్లు వేసే దళిత స్త్రీ రోజుకు అంతకంటే ఎక్కువ తెచ్చుకునేది, కూలి తగ్గితే నలుగురితో కలిసి అడగగలిగేది. తన హోదా ఆమెకంటే ఎక్కువని నమ్మిన ఘోషా ఇల్లాలు ఆమెకంటే తక్కువ కూలికి, ఒంటరిగా, నోరు మెదపకుండా పనిచేసేది. ఒక స్త్రీని శ్రామికురాలిగా కాక గృహిణిగా చూపించడం ద్వారా ఆమె శ్రమను చవక చేసే ఈ ప్రక్రియకు మీస్ గృహిణీకరణ అని పేరు పెట్టింది. ఆమె వాదమంతటినీ అంగీకరించనివారు కూడా ఈ ఒక్క పరిశీలనను తోసిపుచ్చలేరు, నరసాపురం పేరు ప్రపంచ స్త్రీవాద సాహిత్యంలోకి ఎక్కింది దీని వల్లనే. లేసు కొన్న దేశాల కంటే ఆ పుస్తకం చేరిన దేశాలే ఎక్కువ కావచ్చు, మన జిల్లాలలో మాత్రం ఆ పుస్తకం పేరు విన్నవారు తక్కువ.

ప్రభుత్వ లెక్కలు ఈ చూపునకు ముద్ర వేశాయి. 1971 జనాభా లెక్కల్లో ఒక మనిషి ముఖ్యంగా చేసే పని ఏదన్నదే ప్రధానంగా అడిగారు. ఇంటిపని ముఖ్యమని చెప్పిన స్త్రీ, ఆరు గంటలు లేసు అల్లినా, పనిచేయనివారి జాబితాలోకే పోయింది. 1981లో ప్రధాన, ఉపాంత శ్రామికులన్న విభజన తెచ్చి కొంత సరిదిద్దారు. 1948 ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవై మంది ఒకచోట పనిచేస్తేనే వర్తించేది. ఊరంతా అరుగుల మీద పరుచుకున్న ఈ కర్మాగారానికి అది ఏనాడూ తగల్లేదు.

1990ల తరువాతి కథ వేగంగా మారింది, దాన్ని క్లుప్తంగానే చెప్పవచ్చు. చైనా నుంచి వచ్చిన యంత్రపు లేసు, దూరానికి చేతి లేసులాగే కనిపించి సగానికి సగం ధరకు దొరకడంతో, ఆర్డర్లు సన్నగిల్లాయి. మంచం దుప్పట్లూ డాయిలీలూ పరుచుకునే అలవాటు పాశ్చాత్య ఇళ్ళలోనే తగ్గింది. అల్లేవారి కూతుళ్ళు చదువుకుని, రొయ్యల కంపెనీలలోనో గల్ఫ్ దేశాలలోనో నాలుగు రెట్లు ఎక్కువ వచ్చే పని చూసుకున్నారు, ఇందులో విచారించవలసినదేమీ లేదు. మరోవైపు స్వయం సహాయక సంఘాల ఉద్యమం బలపడిన రోజుల్లో నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు, అంతర్జాతీయ లేసు వ్యాపార కేంద్రం వెలిశాయి. ఏజెంటును దాటి నేరుగా కొనుగోలుదారుతో మాట్లాడాలన్న ఉద్దేశంతో అలంకృతి పేరిట పరస్పర సహాయక సహకార సంఘాల సమాఖ్య ఏర్పడింది. 15 వేలకు పైగా మహిళలతో కూడిన ఆ సమాఖ్య చేసుకున్న దరఖాస్తు మీద 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక వస్తువు పేరు ఒక ప్రాంతానికే చెందుతుందని చట్టరీత్యా ధ్రువపరచే ఈ గుర్తింపు పశ్చిమ గోదావరి, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలలోని 19 మండలాలకు వర్తిస్తుంది.

ఈ గుర్తింపు చేసేదేమిటో, చేయనిదేమిటో విడివిడిగా చూడటం అవసరం. యంత్రంతో తయారైన సరుకును నరసాపురం పేరుతో అమ్మకుండా అది ఆపగలదు. అల్లిన గంటకు ఎంత ముట్టాలో అది చెప్పదు. పేరు విలువ పెరిగినందువల్ల వచ్చే లాభం ఎగుమతిదారు దగ్గర ఆగిపోతుందా, అరుగు దాకా దిగివస్తుందా అన్నది దారపు కట్ట లెక్కన కూలి కట్టే పాత పద్ధతిని మారుస్తారా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. ఒక్కో నమూనాకు ఎంత సమయం పడుతుందో గడియారం పెట్టి కొలిచి, ఆ గంటలకు కనీస వేతనాన్ని అన్వయించి ముక్క ధర నిర్ణయించడం పెద్ద శాస్త్రమేమీ కాదు, బీడీ పనిలో వెయ్యి బీడీలకు ఇంతని కనీస కూలి ప్రకటించే ఆనవాయితీ మన దేశంలోనే ఉంది. సమాఖ్యలు, జిల్లా యంత్రాంగం పూనుకుంటే లేసుకూ అది సాధ్యమే. ఇంటి వద్ద పనిచేసేవారికి ఇతర కార్మికులతో సమానమైన హక్కులు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను రూపొందించింది. ఆ సంస్థ కోసమే నరసాపురం లేసు స్త్రీల బతుకును పరిశోధించి అప్పటికి దాదాపు రెండు దశాబ్దాలు. ఆ ఒడంబడికను భారతదేశం ఇంతవరకు ఆమోదించలేదు.